డీజిలు పంపు చంకనేసుకుని హైదరాబాదు

హైదరాబాదు వెళ్లొచ్చానని తెలియగానే మా ఊళ్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న చార్మినారు ఎంత ఎత్తుందని. నాకు తెలియదు. నేను చార్మినారు చూడలేదు. నాలుగు రోజులున్నాం, నాంపల్లి స్టేషను వెనక ఒక సందులో పడుకున్నాం, ఆబిడ్సులో ఒక దుకాణానికి వెళ్లాం, వచ్చేశాం. అంత దూరం వెళ్లి చార్మినారు చూడకుండా వచ్చినదానివి నువ్వే అని మా ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పనీ. నేను చూసింది నాకుంది, అదే రాస్తున్నాను.

మమ్మల్ని ఎరగనివాళ్లకి ముందు మా సంగతి చెప్పాలి. గోదావరి సముద్రంలో కలవబోయే చోట మా ఊరు. అక్కడి మిషను ఆస్పత్రికి ఒక మందుల లాంచి ఉంది. ఏటి మధ్య లంకల్లో ఉండే జనానికి వారం వారం మందులు తీసుకెళుతుంది. దాంట్లో నేను నర్సుని. మా ఆయన ప్రకాశం దాని డ్రైవరు. ఆయన నడుపుతాడు, నేను సూదులు పొడుస్తాను. పిల్లలకి ఆయనంటే ఎంత ఇష్టమో నేనంటే అంత భయం.

ఆ లాంచి కొంతకాలంగా డీజిలు తెగ తాగడం మొదలుపెట్టింది. ఇదివరకు చివరి లంక దాకా పోయి రావడానికి సరిపోయే డీజిలు ఇప్పుడు సగం దారికే అయిపోతోంది. చివరి లంకకు వెళ్లడమే మానేశాం. పంపు పాతబడిందేమో అనేవాడు మా ఆయన, తల వంచుకుని. లాంచి కమిటీకి పెద్ద అయిన మా చర్చి అయ్యగారు మాత్రం డీజిలు ఇంజన్లోకి పోవడం లేదు, బజార్లోకి పోతోందన్నారు. ఆ మాట నలుగురిలో అన్నారు. దొంగ అనే ముక్క వాడలేదు గాని, వినేవాళ్లు చెవిటివాళ్లు కాదు.

చివరికి కమిటీ తీర్మానించింది. ఇంజను అమ్మినవాళ్ల దుకాణం హైదరాబాదులో ఆబిడ్సులో ఉంది. పంపు విప్పి అక్కడికి తీసుకెళ్లి పరీక్ష చేయించాలి. చెడిపోయిందంటే కొత్తది వేయిస్తారు. బాగుందంటే ప్రకాశం లాంచి తాళాలు ఇచ్చెయ్యాలి. ఆయన ఒక్కడూ వెళితే నిజం చెబుతాడో లేదోనని సాక్షిగా నన్ను కూడా పంపారు. మొగుడు దొంగో కాదో తేల్చి రమ్మని పెళ్లాన్ని పంపిన కమిటీ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? నర్సమ్మ అబద్ధం ఆడదు అని వాళ్ల నమ్మకం. మా ఆయన సంగతి నాకు తెలుసు. పక్కింటి కోడి మా పెరట్లో గుడ్డు పెడితే వెచ్చగా ఉండగానే ఇచ్చి వచ్చే మనిషి. ఆ పంపు చెడిపోయి ఉండాలని రైల్లో దారి పొడుగునా ప్రార్థన చేశాను.

నాంపల్లి స్టేషను

మాకు పెళ్లయి చాలా ఏళ్లయినా ఇద్దరం కలిసి అంత దూరం రైలెక్కడం అదే మొదలు. కొత్త జంటలాగా కిటికీ పక్కన కూర్చుంటామనుకున్నాను. మా ఇద్దరి మధ్యా పంపు కూర్చుంది. నా పాత చీరలో చుట్టి గోనెసంచిలో పెట్టిన ఆ ఇనప ముద్ద మీంచి మా ఆయన చెయ్యి తియ్యలేదు. నాంపల్లిలో దిగగానే కూలీ అందుకోబోతే గుండెకి అదుముకున్నాడు.

"ఏందన్నా గంత భద్రంగ పట్టుకున్నవ్? బంగారమా?" అన్నాడు కూలీ.

"కాదండి, పంపండి," అన్నాడు మా ఆయన. కూలీకి కూడా అండీ పెట్టే ఊరు మాది. అతను వింతగా చూసి నా ట్రంకుపెట్టె ఎత్తుకుని నడిచాడు.

మేం దిగింది సుగుణక్క ఇంట్లో. ఆవిడది మెదక్. నాంపల్లిలో ఒక బడిలో టీచరు. పెళ్లి చేసుకోలేదు. ఎప్పుడో స్త్రీల మీటింగుకని మా ఊరొచ్చి మా ఇంట్లో బస చేసింది, పులస పులుసు తిని మా వంటిల్లు వదలలేదు. హైదరాబాదు వస్తే తన ఇంట్లోనే దిగాలని అప్పుడే ఒట్టేయించుకుంది. ఒక గది, ఒక వంటగది, ముందు నలుగురు నిలబడేంత వాకిలి. ఆ గది మాకిచ్చి తను వంటగదిలో చాప వేసుకుంది. వద్దంటే వినదు.

ఆవిడ కోసం పూతరేకులు తీసుకెళ్లాను. డబ్బా మూత తీసేసరికి నా ప్రాణం పోయింది. దారిలో ఎక్కడో పంపు సంచీ డబ్బా మీద కూర్చున్నట్టుంది. పూతరేకులు పొడుం పొడుం అయ్యాయి. అది చాలనట్టు పంపులో మిగిలిన డీజిలు కారి వాసన పట్టేసింది.

"ఏంది చెల్లె, మిఠాయిల గ్యాస్‌నూనె వాసనొస్తుంది?" అంది సుగుణక్క ముక్కు ఎగబీలుస్తూ. అక్కడ కిరసనాయిల్ని గ్యాస్‌నూనె అంటారు.

సిగ్గుతో చచ్చి డబ్బా లాక్కోబోయాను. ఇవ్వలేదు. చిటికెడు నోట్లో వేసుకుని, "తీపి మంచిగనే ఉన్నది. ముక్కు మూసుకొని తింట. గంత దూరంకెల్లి తెచ్చిన్రు, పారేస్తనా?" అంది. మేం ఉన్న నాలుగు రోజులూ రోజుకింత తింది. అలాంటివాళ్లు ఉన్న ఊరు చెడ్డది ఎలా అవుతుంది?

ఆదివారం, చడావు

మర్నాడు ఆదివారం. దుకాణం మూసి ఉంటుంది. పొద్దున్నే సుగుణక్క పసుప్పచ్చటి ఖిచిడీ, దాని పక్కన ఖీమా కూర, నువ్వులూ చింతపండూ కలిపిన పల్చటి ఖట్టా పెట్టింది. మా వైపు పొద్దున అంటే చద్దన్నం, ఒక ఆవకాయ బద్ద. సూర్యుడు సరిగ్గా లేవకముందే మాంసం తినడం నాకు తప్పు చేస్తున్నట్టుగా అనిపించింది. మా ఆయనకి అలాంటి అనుమానాలేం రాలేదు. మూడోసారి వడ్డించుకున్నాడు.

చర్చికి వెళ్లొచ్చాక సుగుణక్క ఊరు చూసి రమ్మంది. మా ఆయన ఆశగా అడిగింది ఒకటే. "ఇక్కడ నీళ్లెక్కడున్నాయండీ?"

హుస్సేన్‌సాగర్ చూపించమని ఆవిడే ఒక సైకిల్ రిక్షా మాట్లాడింది. రిక్షా అతని పేరు ఖాజా మియా. నడివయసు, సన్నటి మనిషి, దవడన పాను. నాంపల్లి సందుల్లో పాట పాడుకుంటూ తొక్కాడు. శాసనసభ తెల్లటి గుమ్మటాలు చూపించాడు. అక్కణ్ణించి సైఫాబాదు వైపు రోడ్డు పైకి లేచింది. పాట ఆగింది, రిక్షా కూడా ఆగింది.

"అమ్మా, జర దిగున్రి. చడావ్ ఉన్నది."

మా ఊళ్లో రోడ్డు కంచంలా చదునుగా ఉంటుంది. రిక్షా ఎక్కినవాళ్లు దిగాల్సిన చోటే దిగుతారు. కిరాయి ఇచ్చి మళ్లీ నడవడమేమిటని నాకు కోపం వచ్చింది. పక్కకి చూస్తే మా ఆయన లేడు. అప్పటికే దిగి వెనకనుంచి రిక్షాని నెడుతున్నాడు. ఇంక నేనొక్కదాన్నీ మహారాణిలా కూర్చుంటే ఏం బావుంటుంది? దిగి నడిచాను. చుట్టూ చూస్తే మా ముందు వెళ్లే రిక్షా పక్కన కూడా ఒక పెద్దమనిషి గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు. అక్కడది మామూలేనట.

పైకెక్కాక ఖాజా మియా రిక్షా మీద వాలిపోయి రొప్పాడు. నర్సు బుద్ధి ఊరుకుంటుందా, ఏం తింటావని అడిగాను.

"గిరాకీని బట్టి తింటనమ్మా. స్టేషన్ నుంచి ఆబిడ్స్, ఆబిడ్స్ నుంచి స్టేషన్ పొద్దుందాక తిరిగినా రెండు రొట్టెలు, చాయ్ చాలు. గీ చడావ్ ఎక్కిన్నంటే నాలుగు తిన్నా కడుపు ఖాళీనే. ఇంట్ల ఆమె నమ్మది. ఏడనో తిరిగొచ్చి తిండి అడుగుతున్నవంటది," అని నవ్వాడు.

మా ఆయన నవ్వలేదు.

సాగరం ఒడ్డున ఒక చిన్న మోటారు పడవ జనాన్ని ఎక్కించుకుని తిప్పుతోంది. నేను పడవని చూశాను, ఆయన కళ్లు మూసుకుని దాని చప్పుడు విన్నాడు.

"విన్నావా? ఎంత తేలిగ్గా తిరుగుతోందో. దానికి ఊపిరాడుతోంది," అన్నాడు. రిక్షా ఎక్కాక కూడా మెడ తిప్పి దాన్నే చూశాడు. లాంచి మీద బెంగ పెట్టుకున్నాడని నేననుకున్నాను. దారిలో ఆబిడ్సులో ఇరానీ హోటలు కనిపిస్తే నేనే లాక్కెళ్లాను. ఆడవాళ్ల కోసం కర్ర చట్రాలకి పరదాలు కట్టిన గదులున్నాయి. మరిగి మరిగి ఇటికరంగుకొచ్చిన టీని సాసరులో పోసుకుని పరదా వెనక మేమిద్దరం ఊదుకుంటూ తాగాం. మా ఊళ్లో పదిమందిలో ఆయన పక్కన కూర్చుని ఏనాడూ టీ తాగలేదు. రేపు ఏమవుతుందోనని భయం ఉన్నా ఆ కాసేపు నాకు చాలా బాగుంది. ఆ మాట ఆయనతో కూడా అన్నాను.

ఆబిడ్సు దుకాణం

ఆ దుకాణం పెద్ద రోడ్డు మీది అద్దాల షాపుల మధ్య కాదు, పక్క సందులో ఉంది. యజమాని పేరు నర్సింగరావు. తరతరాలుగా హైదరాబాదువాళ్లే. ఆ వేడిలోనూ మెడ దాకా గుండీలు పెట్టిన షేర్వానీ. ఇంజన్ల చదువు చదివి, ఆ తరవాత తండ్రి దుకాణంలో కూర్చున్నాడట. మేం కూర్చోకముందే టీ వచ్చింది. అక్కడ పని అడగడానికి ముందు టీ తాగాలి. వద్దంటే నొచ్చుకుంటారు.

"పంపా? చూద్దాం. ఫికర్ చెయ్యకున్రి," అని వెనక గదిలో ఒక బల్లకి దాన్ని బిగించాడు. పిడి తిప్పాడు. గొట్టాల చివరి నుంచి డీజిలు పొగమంచంత సన్నగా చిమ్మింది. గాజు గొట్టాల్లో ఎంత పడిందో వంగి చూశాడు. ఇంకోసారి తిప్పాడు, ఇంకోసారి చూశాడు. నేను పక్కన నిలబడి నా పమిట చెంగుని తాడులా పేనాను.

నర్సింగరావు చేతులు తుడుచుకుని సంతోషంగా మా వైపు తిరిగాడు. "మీ పంపు సోనా ఉన్నది. కొత్త పంపు కూడ గింత మంచిగ కొట్టదు."

 మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"ఇదేంది? మంచి మాట చెప్తే ముఖాలు గట్ల పెట్టుకున్నరేంది?" అన్నాడు నర్సింగరావు.

నేను ఆగలేకపోయాను. కమిటీ సంగతి, అయ్యగారి మాట, తాళాల సంగతి అన్నీ కక్కేశాను. ఏడుపు కూడా వచ్చింది. పరాయి మగవాడి ముందు, అదీ దుకాణంలో, నేను ఏడవడం మా ఆయన అంతకుముందు చూసి ఉండడు. నర్సింగరావు ఒక స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"పంపు కాకుంటే బరువు చూడాలె డ్రైవర్ సాబ్. ఇంజను మీద లోడ్ ఎట్లున్నది? చప్పుడెట్ల చేస్తది? జర చేసి చూపిస్తరా? మాటల కన్న చప్పుడు నయం."

రెండు చప్పుళ్లు

ఇంజను చప్పుడు నోటితో చెయ్యడంలో మా ఆయన్ని మించినవాడు గోదావరి మీద లేడు. సూదికి భయపడే పిల్లల్ని అలాగే నవ్విస్తాడు. ముందు బిడియపడ్డాడు, తరవాత పాత రోజుల చప్పుడు చేశాడు. టకటకటకటక, గలగలా, తేలిగ్గా. తరవాత ఇప్పటి చప్పుడు చేశాడు. డుబ్బ్, డుబ్బ్, డుబ్బ్, బురదలోంచి కాళ్లు పీక్కుంటూ నడుస్తున్నట్టు. దుకాణంలో పనివాళ్లు చేస్తున్న పని ఆపి చూశారు.

"ఈ రెండోది ఎప్పటి సంది?" అని అడిగాడు నర్సింగరావు.

"గుర్తులేదండి," అన్నాడు మా ఆయన.

నాకు గుర్తుంది. ఆ డుబ్బ్ డుబ్బ్ మొదటిసారి ఏ రోజు విన్నానో, ఏ చీర కట్టుకుని విన్నానో కూడా గుర్తుంది. లాంచికి కొత్త పంకా కట్టిన రోజు. నీటి అడుగున తిరుగుతూ పడవని నెట్టే ఇత్తడి రెక్కల చక్రాన్ని మేం పంకా అంటాం. ఆ రోజు లాంచి గొంతు గంభీరంగా మారిందని, కొత్త పంకాతో దానికి హుందాతనం వచ్చిందని నేను మురిసిపోయాను కూడా.

ఆ పంకా కథ నర్సింగరావుకి నేనే చెప్పాను. పాత పంకా ఏట్లో మునిగి ఉన్న మొద్దుకు తగిలి విరిగిపోయింది. అది తెలిసి, చర్చిలో కోతపండుగ నాడు లంకల్లో ఆడవాళ్లు అర్పణ పళ్లెంలో ధాన్యానికి బదులు ఇత్తడి సామాను పెట్టారు. చెంబు, గిన్నె, గరిటె, విరిగిన దీపపు సెమ్మె, ఎవరింట్లో ఉన్నది వాళ్లు. వాటిల్లో చాలా ఇళ్లలో నేను పురుడు పోశాను. అన్నీ కరిగించి కొత్త పంకా పోయమని మా ఊరి పోతపనివాడికి ఇచ్చాం. ఇస్తూ ఒక మాట గట్టిగా చెప్పాం. ఎవరి చెంబూ మిగిలిపోకూడదు, ఇచ్చినదంతా అందులో పడాలి. అతను అలాగే చేశాడు. పంకా పాతదాని కన్నా జానెడు పెద్దదైంది, రెక్కలు రొట్టెల్లా మందంగా వచ్చాయి. పెద్దదైతే ఇంకా జోరుగా పోతుంది కదా అని అందరం చప్పట్లు కొట్టాం.

నర్సింగరావు తల మీద టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అమ్మా, ఎన్ని చుట్లు తిరిగిందని కాదు, ఎంత బరువు నెట్టిందో దాన్ని బట్టి ఇంజను డీజిల్ తాగుతది. పంకా పెద్దదైతే చుట్టుచుట్టుకు ఎక్కువ నీళ్లు నెట్టాలె. గన్ని నీళ్లు నెట్టే తాకత్ మీ ఇంజనుకు లేదు. మీరు లివర్ పూరా గుంజుతరు. అది తిరగాల్సినంత తిరగదు. తిరుగుడు తక్కువైందని లోపల గవర్నర్ అని ఒక మర ఉంటది, అది ఇంక డీజిల్ పోస్తది. పోసింది పూరా కాలదు, నల్ల పొగైతది. పొగ నల్లగ వస్తుందా లేదా?"

"వస్తుందండి," అన్నాడు మా ఆయన చాలా చిన్నగా.

"పడవ మెల్లగ పోతది. పోయినంతసేపు కడుపునిండ తాగుతది. గంతే, దొంగ గింగ ఎవ్వడు లేడు."

"మరి లివరు తగ్గించి మెల్లగా నడిపితే?" అన్నాను.

"తక్కువ తాగుతది. కాని ఏటికి ఎదురెక్కేటప్పుడు ఎట్ల తగ్గిస్తరు? ఇంకో మాట ఇనున్రి. పడవ దాని నడకల అది పోతుంటే ఖర్చు తక్కువ. గా నడక మీద జర జోరు కావాలంటే జర ఎక్కువ డీజిల్ కాదు, చానా ఎక్కువ పోయాలె. ముందట నీళ్లు గుట్ట లెక్క లేస్తయి. పడవ గా గుట్ట ఎక్కుకుంటనే ఉండాలె."

"అంటే చడావు," అన్నాను. ఖాజా మియా నాలుగు రొట్టెలు గుర్తొచ్చాయి.

"ఔ! చడావే!" అని నర్సింగరావు మోకాలు చరుచుకున్నాడు. "మీ పంకాతోని లాంచి రోజూ చడావ్ ఎక్కుతున్నది. ఇంజనును మరీ ఖాళీగ తిప్పినా దండగే, గిట్ల మెడలు విరిగేటట్టు మోపినా దండగే. దాని తాకత్‌ల ముప్పావు వంతు పని చెప్తే హాయిగ తిని హాయిగ చేస్తది. ఇలాజ్ ఏం కష్టం కాదు. రెక్కల అంచులు చుట్టూ కోసి, మందం అరగదీయున్రి. పాత పంకా ఎంత వెడల్పో చెప్పున్రి, కొలత నేను చెప్త."

నాకు లేచి గంతులెయ్యాలనిపించింది. పంపు బాగున్నా ఆయన దొంగ కాదు! పరీక్ష కూడా తేలిక. పంకా కోసి, అయ్యగార్నే లాంచి ఎక్కించి, ఆయన కళ్లముందే డీజిలు పోసి నడిపితే సరి.

"రెక్కలు కొయ్యడం కుదరదండి," అన్నాడు మా ఆయన.

నర్సింగరావు నా వైపు చూశాడు, నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పంపుని మళ్లీ నా చీరలో చుట్టడం మొదలుపెట్టాడు.

తోటలో

నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్సని పెద్ద తోట ఉంది. ఇంటికి వెళితే సుగుణక్క ఉంటుంది, మాట్లాడుకోవడం కుదరదని ఆయన్ని అక్కడికి తీసుకెళ్లాను. వేయించిన వేరుశనక్కాయలు కొన్నాను. అక్కడ పల్లీలంటారు. ఒక బెంచీ మీద కూర్చున్నాం, యథాప్రకారం మధ్యన పంపు.

"మీకెప్పుడు తెలుసు?" అన్నాను.

"కట్టిన రోజే. ఒడ్డు వదిలి నాలుగు బారలు పోలేదు, తెలిసిపోయింది. ఇంజను మూలిగింది."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెంబులిచ్చిన ఆడవాళ్లు ఒడ్డు మీద ఇంకా పాడుతున్నారు కదే," అన్నాడు.

 ఆయనే పల్లీ ఒకటి ఒలిచి, తినకుండా చేతిలో తిప్పుతూ చెప్పాడు. పంకాని నీళ్లలోకి దించబోతుండగా చివరి లంక మరియమ్మ దగ్గరికొచ్చిందట. ముసలామె. నడుం వంగిపోయింది. ఆ ఇంట్లో మిగిలిన ఇత్తడి అంతా ఆ ఒక్క చెంబే. ఇందులో నా చెంబు ఎక్కడుందయ్యా అని అడిగిందట.

"కరిగి కలిసిపోయినదాన్ని ఏం చూపించను? బాగా కనబడేటట్టు ఒక రెక్క అంచు మీద వేలు పెట్టి, ఇదిగోనమ్మా ఇక్కడుంది అన్నాను. వంగి ముద్దు పెట్టుకుంది. అది చూసి మిగతావాళ్లూ వచ్చారు. అందరికీ చూపించాను. అందరివీ అంచుల మీదే చూపించాను, నర్సమ్మా. ఇప్పుడు ఆ అంచులే కొయ్యాలంటాడు."

నాకు పిచ్చి కోపం వచ్చింది. అయ్యగారి ముందు ఆయన తలొంచుకుని నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. నా మొగుణ్ణి చూసి జనం గుసగుసలాడుకుంటే నేను ఎవరెవరితో దెబ్బలాడానో గుర్తొచ్చింది. "చెంబుల కోసం దొంగ అనిపించుకుంటారా? మీ పేరు పోతుంటే?" అన్నాను.

"పేరుకేముంది. నన్ను ఎరిగినదానివి, నువ్వు ఆ మాట నమ్మలేదు కదా. ఏదో పంపు చెడిందంటారు, కొత్తది వేస్తారు, కొన్నాళ్లు గడుస్తుందనుకున్నాను. తాళాల దాకా వస్తుందనుకోలేదు," అన్నాడు.

ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలి? కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. పార్కులో ఆ రెండూ కుదరవు గనక ఆయన చేతిలో పల్లీ తీసుకుని తినేశాను. వాళ్లతో నేనే చెబుతానన్నాను. చెప్పొద్దని బతిమాలాడు. చీకటి పడేలోగా ఇల్లు చేరాలని లేచామే గాని ఆ మాట తెగలేదు.

సుల్తాన్ బజారు

ఆఖరి రోజు సుగుణక్క బడి నుంచి పెందలాడే వచ్చి మమ్మల్ని సుల్తాన్ బజారు తీసుకెళ్లింది. చీరల అంగళ్లలో మా ఊరి పద్ధతి వేరు. అక్కడ కొనకపోతే ముఖం ముడుచుకుంటారు. ఇక్కడ యాభై చీరలు పరిచి, కొనకుండా లేచినా మళ్లీ రండి అంటారు. నేను బేరం చేస్తుంటే సుగుణక్క నా మోచెయ్యి గిల్లింది. నేను చెప్పిన ధర దుకాణంవాడు అడిగినదాని కన్నా ఎక్కువట. అతని ఉర్దూ లెక్క నాకు తెలియక, నా తెలుగు లెక్క అతను సరిదిద్దక, ఇద్దరం కాసేపు వెనక్కి బేరమాడాం.

సుగుణక్కకి జరిగిందంతా చెప్పాను. ఆయన దూరంగా గొడుగుల దుకాణం ముందు నిలబడి ఉన్నాడు.

"మనసు మంచిదే, కాని తప్పు చేస్తుండు. ఇచ్చినోళ్లకు చెప్పకుంట ఎట్ల? గా ఆడోళ్లు చెంబులిచ్చింది లాంచి రావాలనే కద. గిప్పుడది వాళ్ల దగ్గరికే పోతలేదు," అంది ఆవిడ.

ఆ మాటే నేను రైలు కదిలాక మా ఆయనతో అన్నాను. చివరి లంకకి లాంచి వెళ్లి ఎంతకాలమైందో గుర్తు చేశాను. కిటికీలోంచి చూస్తూ, "నీ ఇష్టం. నువ్వు చెప్పేటప్పుడు నేను మాత్రం అక్కడ ఉండలేను, ఇంజను దగ్గరుంటాను," అన్నాడు. పంపు సంచీని మొదటిసారి మా మధ్యనుంచి తీసి బెంచీ కింద పెట్టాడు.

ఒడ్డు మీద

లాంచి ఏమైందో ముందే చెప్పేస్తే మీకూ నాకూ బెంగ తీరుతుంది. నర్సింగరావు చెప్పిన కొలతకి పంకా కోయించాం, అరగదీయించాం. అయ్యగారు స్వయంగా డీజిలు పోయించి లాంచిలో కూర్చున్నారు. చివరి లంక చేరి వెనక్కొచ్చినా డబ్బాలో డీజిలు మిగిలింది. ఆయన క్షమాపణ చెప్పలేదు. పెద్దవాళ్లకి అది అలవాటుండదు. రేవులో దిగేటప్పుడు మాత్రం మా ఆయన భుజం మీద చెయ్యి వేసి కాసేపు తీయలేదు. ఇప్పుడు లాంచి మళ్లీ టకటకలాడుతోంది.

కాని నేను చెప్పాలనుకున్నది అది కాదు. మేం హైదరాబాదు నుంచి వచ్చిన తరవాత మొదటి మందుల రోజు సంగతి.

చివరి లంకకి లాంచి రావడం లేదని ఆ జనమే నాటుపడవల మీద మా రేవుకి వచ్చారు. అయ్యగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, తీర్పు వినడానికి. మా ఆయన చెప్పినట్టుగానే లాంచిలో ఇంజను పక్కన కూర్చున్నాడు. ఒడ్డు మీంచి ఆయన వీపు మాత్రం కనిపిస్తోంది. నేను నిలబడి చెప్పాను. పంపు బాగుందన్నాను. అయ్యగారు నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపి, పంకా సంగతి చెప్పాను. పెద్ద పంకా నీళ్లలో ఇంజనుకి ఎలా బరువవుతుందో, బరువైతే డీజిలు ఎలా తాగుతుందో నాకు వచ్చినట్టు చెప్పాను. తరవాత అంచులు కొయ్యాలన్నాను. కొయ్యనన్నవాడు ఎందుకు కొయ్యనన్నాడో కూడా చెప్పాను. 

 ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మరియమ్మ లేచింది. కర్ర పొడుచుకుంటూ పలక మీంచి లాంచిలోకి ఎక్కుతుంటే పడిపోతుందేమోనని నేను వెనకే పరుగెత్తాను. ఆమె మా ఆయన ఎదురుగా నిలబడింది.

"నా చెంబు కోసం ఇన్నాళ్లూ ఆ మాట పడ్డావేటి, నాయనా?"

ఆయన తలెత్తలేదు. "అంచు మీదుందని చూపించాను కదమ్మా," అన్నాడు.

"కరిగి ముద్దయిపోయిన ఇత్తడిలో ఎవరి చెంబు ఎక్కడుందో ఎవరికి తెలుస్తాది? ఆ మాత్రం తెలీని పిచ్చిదాన్ననుకున్నావేటి? ఊరికే నవ్వులాటకి అడిగాను. నువ్వు ఒట్టిదని నవ్వేస్తావనుకున్నాను. అంత ప్రేమగా వేలెట్టి చూపిస్తావుంటే కాదని ఎలా అంటాను, నాయనా? నీ మనసు నొచ్చుకుంటాదని ముద్దెట్టుకున్నాను. ఇయ్యన్నీ కూడా అందుకే వచ్చి అడిగాయి," అంది ఒడ్డు మీది ఆడవాళ్లని కర్రతో చూపిస్తూ.

కమిటీ ముందు, అయ్యగారి ముందు, ఊరి ముందు కంట తడి పెట్టని మనిషి ఇంజను మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మరియమ్మ కర్ర నాకిచ్చి ఆయన తల నిమిరింది.

"కొయ్యించు నాయనా, కొయ్యించు. వచ్చే వారం మా ఇంటికాడికి రావాల," అంది.